టర్బో దగ్గర ఆయిల్ కారితే టర్బో పోయినట్టేనా?

టమాటా కోతల్లో ఉండగా మా పికప్ బండికి టర్బో దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. చూసినవాళ్లంతా టర్బో మార్చాల్సిందే అన్నారు. మారిస్తే ఆ పంట మీద మిగిలేదంతా దానికే సరి. అలాగని వదిలేయలేం, కాలే సైలెన్సర్ మీద ఆయిల్ పడితే మంట అంటుకోవచ్చు.

మా ఊరి మెకానిక్, నేను ముందు కారే చోటు వెతికాం. ఇంజన్ చల్లారాక అంతా తుడిచి, కాసేపు ఆడించి లైటు వేసి చూశాం. తడి కనపడేది కింద, మొదలయ్యేది పైన. గాలి పైపు విప్పి టర్బో ఫ్యాను కదిపి చూశాడు. ముందుకీ వెనక్కీ ఆట లేదు, అంచులు గోడకు రాసుకోలేదు. షాఫ్టు బాగానే ఉంది.

టర్బోలోకి ఆయిల్‌ని పంపు తోస్తుంది. కిందికి దిగేది మాత్రం వాలు మీదే. ఆ దిగే పైపు పూడితే, అడ్డుపడిన కాలవ గట్టు మీదుగా పొర్లినట్టు, ఆయిల్ సీలు దాటి బయటికొస్తుంది. విప్పితే పైపు నిండా నల్లటి కార్బన్!

పైపు కడిగి, కొత్త ప్యాకింగు వేసి, బ్రీదర్ పైపు, ఎయిర్ ఫిల్టర్ కూడా శుభ్రం చేశాం. కారడం ఆగింది.

ఆ పైపు చూడకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ కారేది. లోడుతో వచ్చాక బండి వెంటనే ఆపకండి, రెండు నిమిషాలు ఆడనివ్వండి. వేడి టర్బోలో నిలిచిన ఆయిలే మాడి కార్బన్ అవుతుంది.