ఈసారి తాళం చెవి ముగ్గురి దగ్గర



మన సైట్ రెండు రోజులు ఎందుకు ఆగిపోయిందని గ్రూపులో చాలామంది అడిగారు. ఆ రెండు రోజుల సంగతి చెప్పాలంటే అంతకుముందుది కూడా చెప్పాలి. కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

మొదట మేము సైట్ పెట్టింది ఒక కంపెనీ హోస్టింగ్‌లో. మొదటి ఏడాది చవక, బటన్లు నొక్కితే సైట్ తయారు. పాత ప్రశ్నపత్రాలు, స్కాలర్‌షిప్‌కు కావాల్సిన కాగితాల జాబితా, హాస్టల్ సీట్ల సమాచారం అందులో పెట్టాం. సెలవుల్లో ఊళ్లకు పోయినప్పుడు పెద్దవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి అవీ ఎక్కించాం. ఉట్నూర్ వైపు ఒక అవ్వ గోండీలో విత్తనాల పేర్లు చెప్పింది. ఏ జొన్న ఏ నేలకు పనికొస్తుంది, కొత్త పంటను ఏ పూజ అయ్యాక నోట్లో పెట్టాలి, అన్నీ. మొత్తం 11 రికార్డింగులు.

రెండో ఏడు ధర మూడింతలైంది. కట్టమని మెయిల్ వచ్చింది గానీ, ఉద్యోగంలో చేరి వెళ్లిపోయిన మా సీనియర్ అన్న మెయిల్‌కు వచ్చింది. పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే. మాకు తెలిసేసరికి ఖాతా మూసేశారు, ఫైళ్లు తీసేశారు. పైసలు కట్టంది మేమే గదా, ఎవరిని అంటాం? 4 రికార్డింగులు ఒక తమ్ముడి పాత ఫోన్‌లో దొరికాయి. 7 పోయాయి. మళ్లీ చెప్పించుకుందామని బయల్దేరేనాటికి అవ్వ లేదు.

ఆ దెబ్బకే సర్వర్ మనమే నడుపుకుందామని అనుకున్నాం. సొంత సర్వర్ అంటే యంత్రం కొనలేదు. ఒక పెద్ద యంత్రంలో చిన్న ఖాళీ గది కిరాయికి తీసుకున్నట్టు. 1 జీబీ ర్యామ్, నెలకు నాలుగైదు వందలు, అందరం తలా ఇంత వేసుకుంటున్నాం. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలో మన ఇష్టం. మేము డెబియన్ లినక్స్ వేశాం.

డెబియనే ఎందుకంటే, దానికి యజమాని కంపెనీ లేదు. 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థి. 1993లో డెబియన్ మొదలుపెట్టినప్పుడు ఇయాన్ మర్డాక్ కూడా అమెరికాలో విద్యార్థే. ఇది చదివినప్పుడు మాకు కొంచెం ధైర్యం వచ్చింది, అబద్ధమెందుకు! ఇప్పటికీ లోకమంతా ఉన్న వాలంటీర్లే దాన్ని నడుపుతున్నారు. సెంటాస్ అని ఇంకొకటి కూడా ఉచితమే, సర్వర్లకు చాలామంది వాడేవాళ్లు. సెంటాస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్ముకున్నవాళ్లకు 2021 చివరికే ఆపేస్తున్నామని చెప్పారు. ఉచితం అనేది ఒకటి, ఎవరి చేతిలో ఉంది అనేది ఇంకొకటి. ఒకసారి దెబ్బ తిన్నవాళ్లం, రెండోదే ముందు చూశాం.

నల్ల తెరమీద ఆదేశాలు టైప్ చేయడం మొదట్లో భయమే. తెలిసినవాళ్లను అడుగుతూ నేర్చుకున్నాం. పేజీలు అందించడానికి ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టాం. అడ్రసు పక్కన తాళం గుర్తు కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. 90 రోజులకే గడువు తీరుతుంది గానీ సెర్ట్‌బాట్ దానంతట అదే కొత్తది తెస్తుంది. పేజీలు సాదా హెచ్‌టీఎంఎల్‌లోనే రాశాం. రంగులు, కదిలే బొమ్మలు లేవని కొందరు వెక్కిరించారు. గుట్ట ఎక్కితేనే సిగ్నల్ వచ్చే ఊళ్లో పేజీ తెరుచుకోవాలి, మాకు అది చాలు.

ఒక్కటి మాత్రం గొప్పగా చెప్పుకుంటాం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. అయినా చాలా ఫోన్లలో ఆ అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ఫోన్‌లో ఫాంట్ ఉండదు కాబట్టి. నోటో వాళ్ల గుంజాల గోండీ ఫాంట్ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. దాన్ని మన సర్వర్‌లోనే పెట్టి పేజీతోపాటు పంపుతున్నాం. మొదటిసారి ఫోన్‌లో ఆ అక్షరాలు చూసిన ఒక తాత, "ఇగో, మనయే" అని పక్కాయనకు చూపించాడు.

ఇక ఆ రెండు రోజుల సంగతి. సర్వర్‌కు కాపలాగా ఫైర్‌వాల్ పెడదామని కూర్చున్నాం. ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కూ వెబ్‌కూ దారులు తెరిచి, తర్వాత ఫైర్‌వాల్ ఆన్ చేయాలి. మేము ముందే ఆన్ చేసేశాం. లాగౌట్ అయ్యాక మేమే లోపలికి పోలేకపోయాం, సైట్ అందరికీ మూతపడింది. ఇంట్లో మనిషిని పెట్టకుండా లోపలి గడియ వేసినట్టు.

ఇలాంటప్పుడు కంపెనీ ప్యానెల్ నుంచి కన్సోల్ తెరిచి బాగుచేయవచ్చు. ప్యానెల్‌కు ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే ఫోన్ ఉన్న తమ్ముడు కేస్లాపూర్ నాగోబా జాతరలో ఉన్నాడు. ఆ జనంలో ఫోన్ కలవలేదు. ఆ రాత్రే ఒక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, రేపే ఆఖరు తారీఖు, పేజీ తెరుచుకుంటలేదు, ఏమేం కాగితాలు పెట్టాలె?" మేము గుర్తున్నవి రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాం. రాత్రంతా ఏదైనా మరిచిపోయామేమో అని ఒకటే గుబులు. నిజంగానే బ్యాంకు పాస్‌బుక్ మరిచిపోయాం. మీసేవ దగ్గర అడిగితే ఆమె మళ్లీ ఇంటికి పోయి తెచ్చుకుంది. దరఖాస్తు పడింది, మాకు తిట్లు కూడా పడ్డాయి.

తమ్ముడు మూడో రోజు దొరికాడు. బాగుచేయడానికి పట్టింది పది నిమిషాలు. సిగ్గుపడాల్సింది దేనికంటే, సిస్టమ్ మార్చాం గానీ మేము మారలేదు. అప్పుడు ఒక్క అన్న మెయిల్, ఇప్పుడు ఒక్క తమ్ముడి ఫోన్.

ఇప్పుడు ముగ్గురికి వేర్వేరు ఖాతాలు, వేర్వేరు తాళాలు ఇచ్చాం, అందులో ఒకరు డిగ్రీ రెండో ఏడు చెల్లె. ప్యానెల్ అత్యవసర కోడ్లు కాగితం మీద రాసి రెండు చోట్ల దాచాం. ప్రతి ఆదివారం సర్వర్‌లోదంతా హాస్టల్‌లోని పాత ల్యాప్‌టాప్‌లోకి కాపీ అవుతుంది. మొదటి మూడు వారాల కాపీ తెరిచి చూస్తే ఆడియో ఫోల్డర్ ఖాళీ! దారి తప్పుగా రాశాం. ఇప్పుడు ప్రతిసారీ ఒక రికార్డింగు ఆడించి విన్నాకే సరే అంటున్నాం. రేపు ఈ కంపెనీ కూడా ధర పెంచితే మూటాముల్లె సర్దుకుని ఇంకో దాంట్లోకి పోతాం. డెబియన్ అక్కడా ఇదే, ఫైళ్లు మన దగ్గరే.

నాలుగో తాళం తీసుకోవడానికి ఇంకొకరు కావాలి. కంప్యూటర్ చదువు అవసరం లేదు, ఆదివారం అరగంట కూర్చుంటే చాలు, నేర్పిస్తాం.

ఇంకో మాట. అవ్వ రికార్డింగులు అప్పట్లో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకున్నారా? మా దగ్గర 1, 2, 5, 9 మాత్రమే ఉన్నాయి. పాత ఫోన్లు, మెమరీ కార్డులు ఒకసారి వెతకండి.