పరాకు

నా టేబుల్ సొరుగులో కాగితపు పీలికలు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. పాత ఓపీ చీటీల అంచులు కత్తిరించి పెట్టుకున్నవి. పిల్లల ముఖం ముందు ఒకటి పట్టుకుని, "ఇది వాలిపోకుండా ఊదుతా ఉండు నాయనా, నేను చాలన్నదాకా" అంటాను.

ఆ రోజు ఊదినవాడు మూడో తరగతి పిల్లవాడు. ఆదోనికి పడమరగా ఉన్న పల్లె నుంచి వాళ్ల అవ్వ వెంటబెట్టుకొచ్చింది. ఆమె చేతిలో మడతలు పడిన రెఫరల్ చీటీ. ఏడాదికోసారి బడికి వచ్చి పిల్లలందరినీ పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు రాసిచ్చింది. "చదువులో వెనుకబాటు" అని ఉంది. బడిలో మాత్రం వాడి జబ్బుకు పేరు ఎప్పుడో పెట్టేశారు: పరాకు. ఎక్కం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతాడు. డిక్టేషన్ రాస్తే రెండు మాటలు ఎగిరిపోతాయి. సారు పిలిస్తే పలకడు, దెబ్బ పడ్డాక ఉలిక్కిపడి చూస్తాడు.

కాగితం లేచి ఆడుతోంది. అవ్వ ముసిముసిగా నవ్వుతోంది. నిమిషం దాటింది. ఉన్నట్టుండి కాగితం వాలిపోయింది. వాడి కళ్లు తెరుచుకునే ఉన్నాయి. రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. పెదాలు ఊదే ఆకారంలోనే నిలిచిపోయాయి. "అరటిపండు" అన్నాను గట్టిగా. లోపల లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండు అనుకునేసరికి వాడు మళ్లీ ఊదాడు, కాగితం మళ్లీ లేచింది. ఆగినట్టు వాడికే తెలియదు. "నేను ఏ పండు పేరు చెప్పాను?" అంటే నా మొహం కేసి చూశాడు. అవ్వ నవ్వు ఆగిపోయింది.

ఇదీ ఒక రకం ఫిట్సే. పడిపోవడం, నురగ, కొట్టుకోవడం ఏమీ ఉండవు. కొన్ని సెకన్ల పాటు మెదడు కట్టేసిన దీపంలా ఉండి మళ్లీ వెలుగుతుంది. రోజుకు పదులసార్లు రావచ్చు. నాలుగేళ్ల నుంచి పదేళ్ల మధ్య ఎక్కువగా మొదలవుతుంది. గట్టిగా మూడు నిమిషాలు ఊదిస్తే చాలామందిలో కళ్లముందే బయటపడుతుంది. కర్నూలులో ఈఈజీ తీయిస్తే సెకనుకు మూడు చొప్పున ఆ అలలు స్పష్టంగా కనిపించాయి. రెండు పూటలా మాత్ర మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి వాడు మూడో ఎక్కం ఆగకుండా అప్పజెప్పాడని అవ్వ వచ్చి చెప్పింది. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషంగా ఇంటికి వెళ్లానో ఇప్పటికీ గుర్తుంది.

సంక్రాంతి తర్వాత వాడు రాలేదు. నెల చూసి, ఫైలు మీద "ఫాలోఅప్‌కు రాలేదు" అని రాశాను. మా వృత్తిలో ఆ ముక్క రాశాక ఫైలు బీరువాలోకి పోతుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోతుండగా ఒకామె వచ్చి కూర్చుంది. భుజానికి రెగ్జిన్ సంచి, చెప్పులకు ఎర్రమట్టి. ఆ క్లస్టర్ బడుల సీఆర్పీ, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్. "ఆ పిల్లోడు మీ దగ్గర మందు తింటున్నాడంట కదా డాక్టరమ్మా. వాళ్లు సుగ్గికి పోయినారు. మాత్రలు అయిపోయింటాయి. ఆపితే ఏమైనా అయితదా?" అని అడిగింది.

సుగ్గి అంటే మా పడమటి మండలాల్లో అందరికీ తెలుసు. వాన మొహం చాటేసిన ఏడు, పత్తి తీతలు అయ్యాక, పల్లెలకు పల్లెలే గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతలకు లేచిపోతాయి. లారీలో గిన్నెలు, గోనెపట్టాలు, కోళ్లు, పిల్లలు. చేల పక్కన గుడారం వేసుకుని ఉగాది దాకా అక్కడే. కూలి కోసిన కాయ తూకాన్ని బట్టి. చిన్న చేతులు కోసినా తూకం తూకమే. అందుకే బడి పిల్లలు కూడా లారీ ఎక్కుతారు.

మందు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమేనని, ఇంకా పెద్ద ఫిట్స్ రావచ్చని చెప్పాను. ఆమె నోటుపుస్తకం తీసింది. రెండు వందల పేజీల గీతల పుస్తకం, అట్టకు పాత క్యాలెండర్ కాగితం. పేజీకి ఒక ఇల్లు. పైన పిల్లల పేర్లు, తరగతి. కింద ఎవరు ఎక్కడికి పోయారు, మేస్త్రి ఎవరు, అతని ఫోన్ నంబరు, ఇంట్లో మిగిలింది ఎవరు. ఒక పేజీలో "బర్రె ఈనింది, పాప బడికి రాదు వారం" అని ఉంది. ఇంకో పేజీలో "నాయన తాగుడు, శనివారం పోవద్దు". పాతికేళ్ల చదువులో, ప్రాక్టీసులో నేను రాసిన ఏ కేస్ షీటులోనూ ఇంత సమాచారం లేదు.

"మరి సీజనల్ హాస్టల్ ఉంది కదా, వలసపోయే వాళ్ల పిల్లల కోసమే పెట్టింది. అక్కడ ఎందుకు ఉంచలేదు?" అన్నాను, తప్పు వాళ్లదే అన్నట్టు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. "మీరు చీటీ మీద ఫిట్స్ అని రాసినారు కదమ్మా. వాళ్లమ్మ అది తీసుకపోయి చూపిచ్చింది. రాత్రిపూట పడితే మేము ఎవరం చూసుకుంటాము అని వాళ్లు భయపడినారు. అవ్వ కూడా భయపడింది. ఇంకేం చేస్తారు, అందరూ కలిసి పోయినారు."

నా చేత్తో నేను రాసిన మాట అది. జబ్బు పేరు సరిగ్గానే రాశాను. ఆ పేరు ఇంటికి వెళ్లి, హాస్టల్ గుమ్మం దాకా నడిచి, అక్కడ ఏ అర్థం తీసుకుంటుందో ఆలోచించనే లేదు.

ఆ వారంలోనే మేస్త్రి ఫోన్‌కు ప్రిస్క్రిప్షన్ ఫొటో పంపించాం. నరసరావుపేట వెళ్లి వాళ్ల నాయన మాత్రలు తెచ్చుకున్నాడు. ఒక ఆదివారం నేను ఆ హాస్టల్‌కు వెళ్లాను. పావుగంట పని. ఈ రకం ఫిట్స్‌లో పిల్లవాడు పడిపోడని, మందు వేళకు వేస్తే చాలని, పెద్దయ్యేసరికి చాలామందిలో తగ్గిపోతుందని చెప్పాను. వంటామె అడిగిన ప్రశ్నలే అందరికంటే సూటిగా ఉన్నాయి: మాత్ర అన్నానికి ముందా తర్వాతా, కక్కితే మళ్లీ వెయ్యాలా, మర్చిపోతే ఏం చెయ్యాలి. పది రోజుల్లో తల్లి రాత్రి బస్సులో పిల్లవాణ్ని తెచ్చి దింపి, మర్నాడే తిరిగి చేలోకి వెళ్లిపోయింది. మూడు రోజుల కూలి వదులుకుంది. పిల్లల ఆరోగ్యం మీద తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని మా ఓపీల్లో ఎంత సులువుగా అనేస్తామో అనుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అప్పటి నుంచి సీఆర్పీ నెలకోసారి వస్తుంది, ఒకరిద్దరు పిల్లల సంగతి పట్టుకుని. నేనూ ఆమెను అడగడం నేర్చుకున్నాను.

ఎనిమిదో తరగతి పాప సంగతి అలా తెలిసిందే. ప్రార్థనలో నిలబడి రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. హిమోగ్లోబిన్ 8.2. నులిపురుగుల మాత్ర వేయించి, రోజుకొకటి చొప్పున ఐరన్ మాత్రలు ఇచ్చాను. నెల తర్వాత చూస్తే 8.3. ఐరన్ పడుతున్నా రక్తం పెరగలేదంటే పుట్టుకతో వచ్చే రక్తదోషం ఏమైనా ఉందా, పేగుల్లో ఇంకడం లేదా అని నా బుర్ర అటు పరుగెత్తింది. కర్నూలుకు పంపడానికి చీటీ కూడా రాశాను. సీఆర్పీ ఆ చీటీ చూసి, "రెండు రోజులు ఆగమ్మా, ఇంటికి పోయొస్తా" అంది.

తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది ఒక పౌడర్ డబ్బా. మూత తీస్తే నెల మాత్రలూ అందులోనే. నాలుగైదు తక్కువ, అంతే.

పాప పారేయలేదు. సర్కారు మాత్రలు పారేస్తే తప్పని దాచుకుంది. మింగిన రోజల్లా కడుపులో తిప్పి వాంతయ్యేదట. ఖాళీ కడుపున మింగితే వాంతి కాక ఇంకేమవుతుంది? ఖాళీ కడుపు ఎందుకంటే, అది పత్తి విత్తనం పంట కాలం. మా జిల్లాలో సీడు పత్తి వేసే చేలల్లో మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో రుద్దాలి. క్రాసింగ్ అంటారు. పొద్దున్నే చెయ్యాలి. మొక్క ఎత్తుకు సరిపోయేది ఆడపిల్లలేనని రైతులు వాళ్లనే పిలుస్తారు. ఈ పాప చీకటితో లేచి, ఏమీ తినకుండా చేలోకి వెళ్లి, క్రాసింగ్ చేసి, అక్కణ్నుంచే బడికి పరుగెత్తేది. ప్రార్థన గంటకు అందుకునేది. పడిపోయేది.

మాత్ర ఎప్పుడు మింగుతున్నావని నేను ఒక్కసారి అడిగినా ఇది తెలిసేది. పొద్దున ఏం తిన్నావు అన్న ప్రశ్న కూడా చాలు.

సీఆర్పీ ఆ ఇంటికి చట్టం పట్టుకుని వెళ్లలేదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంకొకరి చేలో పనికి పెట్టకూడదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. రైతుకు ఆ మాట చెప్పింది కూడా, తర్వాత. ముందు తల్లి పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచింది. చిన్నవాణ్ని ఎవరు చూసుకుంటారని తల్లి పనికి పోలేక, పాప పోతోందని తెలిసింది. వాణ్ని అంగన్‌వాడీలో కూర్చోబెట్టే ఏర్పాటు చేసింది. పొద్దున చేలోకి తల్లి పోతుంది. మాత్ర మాత్రం బడిలో, మధ్యాహ్న భోజనం అయ్యాక, వంట చేసే అక్క ఎదుటే మింగాలి. మూడు నెలలకు 10.9. ఆదివారాలు పాప ఇంకా చేలోకి పోతూనే ఉంది. ఆ సంగతి సీఆర్పీ నాకు దాచకుండా చెప్పింది. వాళ్ల అప్పు ఎంతో కూడా చెప్పింది. నేను ఏమీ అనలేకపోయాను.

అమెరికాలో 1906-07 ప్రాంతంలోనే న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో బడికీ ఇంటికీ మధ్య తిరిగే టీచర్లను పెట్టుకున్నారని, అదే తర్వాత స్కూల్ సోషల్ వర్కర్ ఉద్యోగమైందని చదివాను. మన రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎంవీ ఫౌండేషన్ చేసిందీ ఇంటింటికీ తిరిగే పనే. పల్లెల యువకులు తిరిగి, పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చారు. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. అంటే ఈ పని మనకు చేతకానిది కాదు. కానీ మా వైపు ఏ సర్కారు బడిలోనూ ఆ పేరుతో ఒక కుర్చీ నేను చూడలేదు. సీఆర్పీకి ఉన్న పని వేరే: లెక్కలు, యాప్‌లు, మీటింగులు, టీచరు సెలవు పెడితే ఆ తరగతికి వెళ్లడం. ఇళ్లు తిరగడం ఆమె ఆ పనుల మధ్య దొరికిన సందులో చేస్తుంది. ఉద్యోగం కాంట్రాక్టు. పెట్రోలు సొంతం. ఆమె మంచితనాన్ని మెచ్చుకుని ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమె బదిలీ అయితే ఆ నోటుపుస్తకం ఎవరికి అప్పజెప్పాలి? బడి గుంపుకు ఒకరిని, ఈ పని కోసమే, జీతమిచ్చి పెట్టాలి. నేను జిల్లా సమావేశాల్లో రెండుసార్లు అడిగాను. ఇంకా అడుగుతాను.

ఆమె రాకముందు నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. ఆరో తరగతి. కడుపునొప్పి అని మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ నవంబరులోనే. పొట్ట నొక్కి చూశాను, మెత్తగా ఉంది. మొదటిసారి నులిపురుగుల మాత్ర, రెండోసారి గ్యాస్ సిరప్, మూడోసారి మూత్ర పరీక్ష. మూడోసారి వాళ్ల నాయన బయట బీడీ కాల్చుకుంటుంటే, వాడు నా టేబుల్ అంచు పట్టుకుని, "ఆస్పత్రిలో ఉంచుకోరా మేడమ్?" అన్నాడు. చలికాలం జ్వరాల ఓపీ, గుమ్మం బయట వంద మంది. "నీకేం కాలేదు పోరా బంగారం" అని తల నిమిరి పంపేశాను.

ఆ మాటకు అర్థం ఏడాది తర్వాత, ఆమె నోటుపుస్తకంలో వాళ్ల ఇంటి పేజీ చూశాకే తెలిసింది. ఆ దసరాకే వాళ్ల నాయన బెంగళూరు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. అడ్వాన్సు మూడు చేతులకు. మూడో చెయ్యి వాడిది. డిసెంబరులో వెళ్లారు, ఇంటికి తాళం వేశారు. మేస్త్రి నంబరు పనిచేయడం లేదు. పరాకు అన్న మాట వింటే ఇప్పుడు నాకు ఆ మూడో తరగతి పిల్లవాడు గుర్తురాడు. టేబుల్ అంచు మీది ఆ వేళ్లు గుర్తొస్తాయి.

ఆమె ఆ పేజీ కొట్టేయలేదు. కొత్త పుస్తకం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ ఇల్లు మళ్లీ రాస్తుంది. ఉగాదికి వలస తిరిగొచ్చినప్పుడల్లా ఆ వీధిలోకి వెళ్లి చూసొస్తుంది. రెండేళ్లుగా తాళం.

పోయిన గురువారం ఓపీ మధ్యలో ఫోన్ మోగింది. ఆ వేళలో ఆమె ఎప్పుడూ చెయ్యదు.

"తలుపు తీసుంది డాక్టరమ్మా. వాకిట్లో నీళ్లు చల్లినారు. ఎవరెవరు వచ్చినారో తెలీదు. నేను లోపలికి పోతున్నా."

"నేను అడిగానని చెప్పు" అన్నాను.

"వాడు ఉంటే చెప్తా" అంది.