నాన్న కంప్యూటర్‌లో బటన్ లేదు

"సబ్మిట్ బటన్ ఏదిరా?" అని నాన్న ఫోన్ చేశారు. మా ఊళ్లో ఆయనకు జిరాక్స్ షాపు ఉంది. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి పిల్లలు అక్కడికే వస్తారు. ఆ పేజీలో బటన్ పెట్టింది నేనే! నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా కనిపిస్తోంది మరి.

వాట్సాప్‌లో ఫొటో చూశాక వెలిగింది. షాపులో ఉన్నది విండోస్ 7. దానికి క్రోమ్ 109తోనే ఆఖరు. నేను వాడిన సీఎస్ఎస్ నెస్టింగ్ 112లో గానీ రాలేదు. బటన్‌కి నీలం రంగు ఆ నెస్టింగ్ లోపల రాశా, పాత క్రోమ్ దాన్ని వదిలేసింది. మిగిలింది తెలుపు మీద తెల్ల అక్షరాలు.

ఆ రాత్రే క్రోమియం 109 పాత బిల్డ్ వెతికి, నా కొత్త క్రోమ్ పక్కనే పెట్టుకున్నా. రెండు వెర్షన్లూ ఒకే ప్రొఫైల్ వాడితే గొడవే, అందుకే పాతదానికి వేరే యూజర్ డేటా ఫోల్డర్ ఇచ్చా. (ఈ విషయంలో ఫైర్‌ఫాక్స్ నయం. 2019లో వచ్చిన 67 నుంచి ఏ ఇన్‌స్టాల్‌కి ఆ ప్రొఫైల్ అదే ఇస్తుంది.) పక్కపక్కన తెరిస్తే తప్పు కళ్లెదుటే ఉంది. సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు.

మర్నాడు నేనే ఫోన్ చేశా.

"ఇప్పుడు కనపడుతోందా నాన్నా?"

"ఆ, కనపడుతోంది. నిన్న తిరిగెళ్లిన అమ్మాయే ఇంకా రాలేదురా. ఇవాళే ఆఖరు తేదీ."