తాలింపు లేని పళ్ళెం

డాలస్ పక్కన ఫ్రిస్కోలో జూలై ఎండ ఆ రోజు 104 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో మోకాలెత్తు అట్టపెట్టె ఉంది. విప్పితే చుట్టూ థర్మోకోల్ గోడలు, పైన డ్రై ఐస్ పెట్టి పంపిన సంచులు, ఖాళీగా. డ్రై ఐస్ నీరుగా మారదు, తిన్నగా ఆవిరైపోతుంది. కింద రెండు వారాలకి, రోజుకి రెండు పూటల చొప్పున 28 ట్రేలు. నా డైటు భోజనం. వాటికి చోటు చెయ్యడానికి మా ఆవిడ ఫ్రీజరులో దాచుకున్న గోంగూరని, కొబ్బరి తురుముని, ములక్కాడ ముక్కల్ని పక్కింటికి పంపాల్సి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు గానీ, గోంగూర సంచీ ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం చేతిలో పట్టుకుని నిలబడింది.

నాకు షుగరు పరీక్షలో ఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగరు ముంగిట్లో ఉన్నట్టు లెక్క. నా బరువు 180 పౌండ్లు. అందులో ఏడు శాతం, అంటే పదమూడు పౌండ్లు తగ్గించమన్నారు డాక్టరుగారు. ఆ ఏడు శాతం ఊరికే చెప్పిన అంకె కాదు. అమెరికాలో షుగరు నివారణ మీద జరిగిన పెద్ద పరిశోధన ఒకటి 2002లో వెలువడింది. ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి రెండున్నర గంటలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మందు వేసుకున్నవాళ్ళలో తగ్గింది 31 శాతమే. ఇంత చెప్పాక వినకపోవడం ఎలా? పైగా మనవాళ్ళకి బీఎంఐ 23కి చేరితే చాలు, పరీక్ష చేయించుకోమంటారు ఇక్కడ. వంట, కొలత, ఆలోచన ఏవీ నా మీద పెట్టని ప్లాన్ అని ఇది తెప్పించాను.

చిక్కంతా నా నోటితోనే. చిన్నప్పటినుంచీ నాకు చాలావి సయించవు. కూరలో తీపి తగలకూడదు. పుట్టగొడుగు ముట్టను. ఛీజ్ వాసన పడదు. మెత్తగా ఉడికిపోయిన చిక్కుడుకాయ గొంతు దిగదు. తెనాలిలో మా బంధువులంతా నన్ను తిండి పేచీగాడనేవారు. మా అమ్మ మాత్రం ఎన్నడూ అనలేదు. పప్పులో ఉల్లిపాయ వేసే ముందు నాకో గరిటెడు తీసి పక్కన పెట్టేది. "వాడి నోరు వాడిది" అనేది, అంతే. సయించకపోవడం పొగరు కాదని ఆవిడకి తెలుసు. తినని పిల్లాడు తినిపించేవాళ్ళని ఏడిపించాలని మానుకోడు. ఆ ముద్ద నోట్లోకి వెళితే కడుపు తిప్పుతుంది. ఇన్నేళ్ళొచ్చినా అంతే.

మొదటి మధ్యాహ్నం పాస్తా, పాలకూర. రెండో పూట తియ్యటి సాసులో చిక్కుడుకాయలు, దంపుడు బియ్యం అన్నం. మూడోరోజు 'వెజిటబుల్ కర్రీ' అని రాసిన ట్రే చూసి నిజంగా సంతోషించాను. మైక్రోవేవులో నాలుగు నిమిషాలు తిరిగి బయటికొచ్చింది. రంగు పసుపే. కొబ్బరిపాలు, పంచదార, బటాణీలు. ఆవాలు లేవు, కరివేపాకు లేదు, ఇంగువ అసలే లేదు. పసుపు వేసినంత మాత్రాన కూర కాదని అప్పుడు తెలిసింది. తాలింపు వాసన వేడి నూనెలో పుట్టి, పుట్టిన వెంటనే గాలిలో కలిసిపోయేది. దాన్ని ట్రేలో పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అంటించి, వెయ్యి మైళ్ళు పంపడం ఎవరికైనా కష్టమే. ఈ మాట వాళ్ళని తప్పు పట్టడానికి అనడం లేదు.

గడ్డకట్టించడం గొప్ప విద్య. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే ఆయన వందేళ్ళకి ముందే ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ చలిలో అక్కడివాళ్ళు పట్టిన చేప చూస్తుండగానే గట్టిపడటం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. త్వరగా గడ్డకడితే మంచు పలుకులు సన్నగా ఉంటాయి. నిదానంగా కడితే పెద్దవై కూరగాయ కణాల గోడల్ని చీల్చేస్తాయి; కరిగించినప్పుడు నీరంతా బయటికొచ్చి ముక్క చతికిలబడుతుంది. మా గుమ్మంలో ఆ ఎండలో నా ట్రేల అంచులు కాస్త మెత్తబడ్డాయి. లోపల ఇంకా మంచు ఉంది గనక తినడానికి భయం లేదు, కానీ ఇంటి ఫ్రీజరులో అవి మళ్ళీ నిదానంగా గడ్డకట్టాయి. ఆ తియ్యటి సాసులో చిక్కుడుకాయలు పీచైపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

అయినా ఆ ట్రేలు నాకొక మేలు చేశాయి. ఒక్కోటీ మూడువందల కేలరీలకి అటూ ఇటూ. ఖాళీ చేసి చూస్తే ఎంత చిన్నది! ఒక రాత్రి నేను రోజూ పెట్టుకునేంత అన్నం పళ్ళెంలో పెట్టి, తర్వాత కప్పుతో కొలిచాను. మూడు కప్పులు. కప్పుకి రెండువందల కేలరీలు. పప్పూ నెయ్యీ పడకముందే ఆరువందలు. నలభై ఏళ్ళుగా కళ్ళతో కొలుచుకున్న అన్నం అది.

తొమ్మిదో రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"ఏం తిన్నావు నాన్నా?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఆ డబ్బా తిండిలో తాలింపు ఉందా?"

"లేదమ్మా."

"మరి నువ్వెట్లా తింటున్నావురా!"

ఆ రాత్రి ట్రే సగంలో ఆపేశాను. మిగిలిన ట్రేలు మా అబ్బాయి తిన్నాడు. వాడు ఇక్కడే పుట్టాడు, ఛీజ్ ఉన్నవి ముందు తిన్నాడు. పక్కింటి నుంచి గోంగూర తిరిగొచ్చింది.

అప్పటినుంచి ఆదివారం సాయంత్రం నేనే వండి ఫ్రీజరులో పెడుతున్నాను, ఆ ట్రేల కొలతకి సరిపోయే చిన్న డబ్బాల్లో. కందిపప్పు, గోంగూర పప్పు, సాంబారు బాగా నిలుస్తాయి. బంగాళాదుంప ముక్కలు పలుకుపలుకుగా అయిపోతాయి, బెండకాయ వేపుడు మెత్తబడిపోతుంది, పెరుగు విరిగి నీళ్ళు వేరవుతాయి; వాటిని పెట్టకండి. ముఖ్యంగా, పప్పుకి తాలింపు పెట్టకుండా గడ్డకట్టించాలి. తినే పూట డబ్బా వేడిచేసి, చిన్న మూకుడులో ఒక్క టీస్పూను నూనె, నలభై కేలరీలు, అందులో ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు. రెండు నిమిషాలు పట్టదు. అన్నం అప్పటికప్పుడు వండిందే, ఒక్క కప్పు.

ఆర్నెల్లయింది. ఏ1సీ 5.8కి వచ్చింది. పదమూడు పౌండ్లలో తొమ్మిది తగ్గాయి, ఇంకా నాలుగున్నాయి.