బాపు గాలం... అమ్మ ఎర

పుట్టింటికి వెళ్లేటప్పుడు మనం ఏం తీసుకెళ్తాం? పిల్లలకి మిఠాయి, మరదలికి చీరె, చెప్పుకోవడానికి సంచీడు కబుర్లు. ఈ దసరాకి నేను మాత్రం ఒక కష్టమైన పని నెత్తిన పెట్టుకుని వెళ్లాను. తమ్ముడు ఫోనులో అప్పజెప్పిన పని అది.

"అక్కా, బాపు నా మాట ఇంటలేడు. ఊర్లె ఇంటికి తాళమేసి నిజామాబాద్ తీసుకొస్తనంటే కోపం జేస్తుండు. పొద్దున లేస్తే చెరువు కట్ట మీదనే. ఆర్నెల్ల సంది ఒక్క చేప దొర్కలే. మొన్న రాళ్ల మీద జారిండు గూడ. నువ్వు చెప్తెనన్న ఇంటడు."

అమ్మ పోయి ఏడాది దాటింది. బాపుకి డెబ్బై నాలుగేళ్లు. తమ్ముడు చెప్పిందాంట్లో తప్పేముంది? 'సరే, నేనొచ్చి ఒప్పిస్తాలే' అని మాటిచ్చేశాను.

కాచిగూడలో రైలెక్కితే కామారెడ్డి, డిచ్‌పల్లి మీదుగా నిజామాబాద్. చిన్నప్పుడు ఈ ఊరంటే నాకు పసుపు వాసనే గుర్తు. ఎండలు ముదిరే ముందు మార్కెట్ దగ్గర పసుపు కొమ్ముల కుప్పలు, బస్తాలు. ఇప్పుడు ఆ సీజను కాదు కానీ బస్టాండు పక్కన నడుస్తుంటే ముక్కు దానంతటదే వెతుక్కుంది.

అక్కడ్నించి బోధన్ బస్సు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. జానకంపేట దగ్గర అశోక్ సాగర్, నీళ్ల మధ్య సరస్వతీదేవి విగ్రహం. ఆ దారి నుంచి పక్కకి తిరిగితే అలీసాగర్. నిజాం కాలం నాటి తోట, గుట్ట మీద అతిథిగృహం ఉంటాయి. పిల్లలతో వెళ్తే ఒక పూట హాయిగా గడిచిపోతుంది, టిఫిన్ డబ్బాలు కట్టుకెళ్లండి.

ఈ పచ్చదనమంతా మంజీర నది పుణ్యం. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ కాలువ నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. నీళ్లు వచ్చాక చెరకు వచ్చింది, చెరకు వెనకే 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. మా చిన్నతనంలో బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే చెరకు ఆకు తగిలేది. బండ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కుని తినేవాళ్లం. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు రోడ్డుకి రెండు పక్కలా వరి, మధ్యమధ్య మొక్కజొన్న, సోయా. మా బాపు కూడా చెరకు మానేసి చాలా ఏళ్లయింది. ఉన్న మూడెకరాలు కౌలుకి ఇచ్చాడు. మిగిలింది చెరువొక్కటే.

ఉత్త గాలం

మర్నాడు పొద్దున్నే టీ ఫ్లాస్కు పట్టుకుని బాపు వెంట బయల్దేరాను. మెల్లగా మాట కదపాలని నా ఎత్తు.

మా ఊరి చెరువులో చేపలు మత్స్యకారుల సంఘానివి. వానలు పడ్డాక బొచ్చె, రవ్వు పిల్లల్ని వదులుతారు. 2016లో ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పథకం మొదలుపెట్టాక అవీ వచ్చాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు వలలు వేసి పెద్ద వేట చేస్తారు. బాపు వాళ్లని అడిగే గాలం వేస్తాడు. ఒక్క వెదురు కట్టె, ఒక్క గాలం, దొరికితే ఇంటి మందం. మీరెక్కడికి వెళ్లినా ఈ అడగడం మాత్రం మర్చిపోకండి. చెరువు ఊరిదే అయినా అందులో చేప ఒకరి బతుకు.

బాపు ఒక పిండి ముద్ద తీసి చిటికెడు గిల్లి ముల్లుకి గుచ్చాడు. బెండు నీళ్ల మీద నిలబడింది. కాసేపటికి రెండుసార్లు తల ఊపి ఊరుకుంది. గాలం లాగితే ముల్లు మాత్రమే మెరిసింది. మళ్లీ పిండి, మళ్లీ ఉత్త ముల్లు. గంటలో పదిసార్లయినా అయ్యుంటుంది.

"చూసినవా బిడ్డా, చేపలకు గూడ తెలివొచ్చింది" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు గుండె కలుక్కుమంది. మాట కదపలేకపోయాను. అడగాల్సింది మానేసి, "బాపూ, ఏ చేపకి ఏ ఎర వెయ్యాలి?" అనడిగాను.

అంతే, బాపు మొహం విప్పారింది.

ఏ చేపకి ఏ ఎర?

ఒడ్డు దగ్గర, గడ్డి పక్కన తిరిగేవి జిలేబీ చేపలు. పలక లాంటి ఒళ్లు, వీపున ముళ్లు. ఇది మన చేప కాదు, ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. నోరు చిన్నది కాబట్టి చిన్న ముల్లు, చిన్న ఎర. వానపాము ముక్క కానీ, శనగ గింజంత పిండి కానీ చాలు. బాగా పొద్దెక్కినా తింటుంది, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే సులువు.

రవ్వు కాస్త లోతు చేప. దానికి తవుడు, పల్లిచెక్క కలిపిన పిండి ఇష్టం. ముందుగా రెండు గుప్పిళ్ల తవుడు ముద్ద ఒకేచోట వేసి, చేపలు అక్కడికి అలవాటు పడ్డాక గాలం వెయ్యాలి. బొచ్చెకి నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైపైన మేస్తుంది. దానికోసం ఎరని అడుగుకి దింపితే రోజంతా కూర్చున్నా దండగే.

జెల్లలకి మీసాలుంటాయి, వాసన పట్టుకుని వస్తాయి. వాటికి కోడిపేగులు, వానపాములు, అదీ మునిమాపు వేళ. జెల్లని ముల్లు నుంచి తీసేటప్పుడు జాగ్రత్త! రెక్కల దగ్గరి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి పొంగి సలుపుతుంది. ముందు గుడ్డతో అదిమి పట్టుకోవాలి.

ఇక కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప, మన మార్కెట్లో ఖరీదైన చేప. అది గాలి పీల్చడానికి నీళ్ల పైకి వస్తుంది. నాచు పక్కన బుడగ తేలితే అక్కడుందని గుర్తు. పిండికి రాదు. చిన్న చేపో, కప్పపిల్లో కదులుతూ ఉండాలి, దారం గట్టిదై ఉండాలి.

"వానాకాలంల కొర్రమీను దొర్కుడు శాన అల్క బిడ్డా" అన్నాడు బాపు. "ఎర్రగ పిల్లల గుంపు తేల్తది. తల్లిదండ్రులు కిందనే కావలుంటయ్. ఆ పిల్లల నడుమ కప్పను ఏస్తే ఉరికొచ్చి కొరుకుతది. ఆకలికి కాదు, పిల్లల మీద పాణానికి. నేనయితె ఎన్నడు ఏయలే. తల్లిని పట్టుకపోతే ఆ పిల్లల్ని ఎవడు కాస్తడు?"

జిలేబీ తల్లి అయితే గుడ్లనీ పిల్లల్నీ నోట్లోనే పెట్టుకుని కాస్తుంది. పిల్లలు పెద్దయ్యేదాకా సరిగా తినదు. ఎవరి సంసారం వాళ్లది కదా!

ఇంగ్లాండులో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఆ మధ్య వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. పెర్చ్ అనే చేపట. ఒంటి మీద నల్లటి చారలు, ఎర్రటి రెక్కలు, వీపున మన జిలేబీకి లాగే ముళ్లు. దానికి అక్కడ వేసే ఎర ఏమిటో తెలుసా? వానపాము! గాలం వెయ్యాలంటే లైసెన్సు కొనుక్కోవాలి. గుడ్లు పెట్టే కాలమని మార్చి 15 నుంచి జూన్ 15 వరకూ నదుల్లో గాలం వేట బంద్. బాపుకి చెప్తే, "గట్లనే ఉండాలె" అన్నాడు.

సత్తు డబ్బాలో దారాలు

మధ్యాహ్నం అటక సర్దుతుంటే అమ్మ సత్తు డబ్బా కనిపించింది. ఎర కలిపే డబ్బా. దాన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు అమ్మ. అడుగున పురుగు తిన్నది పోను పాత పిండి ముద్ద ఒకటి రాయిలా అంటుకుని ఉంది. కడుగుదామని నీళ్లు పోసి పెట్టాను. గంట తర్వాత చూస్తే పిండంతా కరిగిపోయింది, నీళ్లలో తెల్లటి పోగులు మిగిలాయి. వేలికి చుట్టుకుని చూశాను. దూది!

అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని అమ్మ వత్తులు చేసుకునేది. పక్కనే ఎర ముద్ద. మధ్యలో దూదిని విడదీసి ఆ ముద్దలో వేసి పిసికేది. చేతి జిడ్డు తుడుచుకుంటోంది కాబోలు అనుకునేదాన్ని చిన్నప్పుడు. నలభై ఏళ్లు బాపు ఆ ముద్ద తీసుకుని చెరువుకి వెళ్లాడు. అందులో ఏముందో ఎప్పుడూ అడగలేదు, అమ్మ చెప్పలేదు. ఇప్పుడు బాపు తనంతట తాను పిండి కలుపుకుంటున్నాడు. అది నీళ్లలో నానగానే విడిపోతోంది, చిన్న పరకలు పొడుచుకుని తినేస్తున్నాయి. చేపలకి తెలివి రాలేదు, ఎరకి పట్టు పోయింది!

పిండి ఎర ఇలా కలపండి

గోధుమపిండి ఒక కప్పు, సన్నని తవుడు అర కప్పు, పల్లిచెక్క పొడి రెండు చెంచాలు, నూరిన వెల్లుల్లి రెండు రెబ్బలు, నిమ్మకాయంత బెల్లం కరిగించిన నీళ్లు కొంచెం. చపాతీ పిండి కంటే గట్టిగా కలపాలి. ఇప్పుడు నిమ్మకాయంత దూదిని సాలెగూడులా పల్చగా విడదీసి, కొద్దికొద్దిగా వేస్తూ పోగులు కనపడకుండా మర్దించాలి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. చిటికెడు తుంచి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. పది నిమిషాలైనా విడిపోకుంటే కుదిరినట్టే. ఈ గిన్నె మాత్రం వంటకి వాడకండి.

బాపుకి సంగతి చెప్పకుండా ముద్ద చేతికిచ్చాను. మర్నాడు పొద్దున బెండు తల ఊపింది, ఆగింది, ఒక్కసారిగా మునిగింది. అరచేయంత జిలేబీ! ఎండెక్కే లోపల ఇంకో రెండు. బాపు మూడో చేపని బుట్టలో వేసి, ఆ పిండి ముద్దని చేతిలో పట్టుకుని చాలాసేపు సాగదీసి చూశాడు.

"దూది" అన్నాను.

ఏమీ అనలేదు. చెరువుకేసి తిరిగి కూర్చున్నాడు. కాసేపయ్యాక, "నాకొక్క మాట చెప్పకపాయె" అన్నాడు. అంతే.

ఆదివారం తమ్ముడు, మరదలు, పిల్లలు వచ్చారు. జిలేబీలకి పసుపు, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, పైన కాస్త బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించాను. బాపు రెండు ముక్కలు, అన్నం తిన్నాడు. తమ్ముడు నాకేసి చూశాడు. నేనేం చెప్తానోనని.

నిజం చెప్పనా? నాకూ తెలియలేదు. ఊళ్లో ఒక్కడూ ఉంటే మాకు భయం. పట్నంలో గదిలో కూర్చోబెడితే ఆయనకి దిగులు. చివరికి సంక్రాంతి దాకా ఆగుదామనుకున్నాం. కొన్ని షరతులు పెట్టాను. కట్ట మీద నాచు పట్టిన రాళ్ల వైపు దిగకూడదు, చదునుగా ఉన్న రేవు దగ్గరే కూర్చోవాలి. ఒంటరిగా పోకూడదు, పక్కింటి అబ్బాయిని వెంట తీసుకెళ్లాలి, వాడికీ గాలం నేర్పాలి. చీకటి పడే జెల్లల వేట బంద్. జేబులో ఫోను. తమ్ముడు గొణుక్కుంటూనే సరేనన్నాడు. సంక్రాంతికి మళ్లీ ఇదే మాట వస్తుందని నాకు తెలుసు.

బయల్దేరే ముందు రోజు రాత్రి బాపుతోనే ఎర కలిపించాను. తవుడు ఎంత, నీళ్లెంత అని ఒక్కొక్కటీ అడిగి చేశాడు. దూది కోసం దేవుడి గూట్లో చూస్తే అమ్మ విడదీసి పెట్టుకున్న దూది పొట్లం ఇంకా ఉంది. విప్పబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది దీపానికి ఉంచు బిడ్డా. ఎరకు దుకాణం దూది చాలు."