విత్తనాల కాలం

ఏప్రిల్ 12, 2025
పొద్దున్నే వార్త. రెడ్డిపల్లి వాసి వనజీవి రామయ్య గారు పోయారు. గుండెపోటు. 2017లో పద్మశ్రీ. కోటికి పైగా మొక్కలు నాటారని అందరూ చెప్పే లెక్క. నాకు మాత్రం ఆ సైకిలే గుర్తు. వెనక మొక్కలు, సంచిలో గింజలు, మెడలో చెట్లను కాపాడమనే బోర్డు.

ఏప్రిల్ 14
రామయ్య గారి భార్య జానమ్మ గారి పేరు నేను చదివిన పేపర్లో ఎక్కడో చివర ఉంది. గింజలు ఏరడంలో, మొక్కలు నాటడంలో ఆమె ఆయన వెంటే. బిరుదు ఒకరికే ఇస్తారు. గుంతలు ఇద్దరూ తవ్వారు.

ఏప్రిల్ 27
కానుగ కాయలు రాలుతున్నాయి. ఏరడం తేలిక. ఒలవడమే కష్టం. బొటనవేలి గోరు కింద పచ్చిపుండు. సాయంత్రానికి అరబస్తా కూడా కాలేదు.

మే 11
ఎండ. బోరు నుంచి చెరువు కట్ట దాకా బిందెలు. పాదులో పోసిన నీళ్లు పోస్తుండగానే ఇంకిపోతున్నాయి. మొదటి రెండు వేసవులే గండం. అవి గట్టెక్కితే చెట్టు తన తిప్పలు తాను పడుతుంది. నాటే రోజు జనం బాగానే వస్తారు. మనుషులు కావాల్సింది మేలో.

మే 18
2022లో ఇదే నెల. రామయ్య గారిని బండి గుద్దింది. ఎనభై దాటిన మనిషి. ఆస్పత్రిలో మంచం మీద నుంచే, గుద్దినవాడి మీద కేసు వద్దు, వాడితో వంద మొక్కలు నాటించండి అన్నారు. నొప్పిలోనూ అదే ధ్యాస.

జూన్ 8
మేకలు. రెండు వేపలు మొదలంటా పోయాయి. మేకలు కాసే పిల్లాడు దూరంగా నిలబడ్డాడు.
“మేకకేం తెలుస్తది తాతా, ఏది నువ్వు పెట్టిందో.”
నిజమే. ముళ్లకంప ఇంకో మూర ఎత్తు కట్టాలి.

జూన్ 19
వేప పండ్లు, నేరేడు పండ్లు ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఇవి దాచుకునే గింజలు కావు. కొన్ని వారాలు పోతే మొలకెత్తవు. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే పెట్టేయాలి. టేకు తీరు వేరు. గట్టి పెంకు. నానబెట్టు, ఎండబెట్టు, మళ్లీ నానబెట్టు.
మా బావ ఖమ్మం రమ్మన్నాడు, మనవడి పుట్టినరోజట. గింజలు ఆరబోసి ఉన్నాయి, రాలేనన్నా. ఫోన్ పెట్టేశాడు.

జూన్ 23
సకిని రామచంద్రయ్య గారు నిరుడు జూన్‌లోనే పోయారు. మణుగూరు దగ్గర కూనవరం. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథ మొత్తం నోటికే. పుస్తకం లేదు, కాగితం లేదు. కోయలో చెప్పేవారు, తెలుగులోనూ చెప్పేవారు. 2022లో ఆయనకీ పద్మశ్రీ. అంత కథ తలలో నిలవాలంటే ఎన్ని రాత్రులు పాడి ఉండాలి! డోలు మోస్తూ, నిలబడి.

జూలై 3
వాన వెలిసింది. పొద్దంతా గుంతలు. అడుగున్నర లోతు. మొరం నేల, గునపం ఎగిరి పడుతోంది. అరచేతులు బొబ్బలు. ఉపాధి పనికి పోయొస్తున్న ఓ అక్క ఆగింది.
“కూలి ఎవరిస్తున్నరు సారూ?”
“ఎవరూ ఇవ్వట్లేదక్కా.”
“మరెందుకు?”
నేను ఆలోచించుకునేలోపు ఆమే మొక్క అందుకుని నిటారుగా పట్టుకుంది. మట్టి నేను పోశా. అలా చీకటి పడేదాకా. మొదళ్లు నాకంటే గట్టిగా తొక్కింది.

జూలై 9
నాటే ముందు కవరు కోయాలి. కవరుతోనే పెట్టిన మొక్కలు నిరుడు పీకి చూశాం. వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఈసారి బడి పిల్లలకు దగ్గరుండి నేర్పా. బ్లేడుతో ఒకే గీత, మట్టిగడ్డ పగలకూడదు. ఓ పాప నాలుక బయటపెట్టి మరీ కోసింది. నేను చేసినదానికంటే శుభ్రంగా.
“దీనికి పేరు పెట్టొచ్చా?”
రామయ్య గారు మనవలకు చెట్ల పేర్లు పెట్టారు. ఈ పిల్ల చెట్టుకు తన తమ్ముడి పేరు పెట్టింది. నీళ్లు కూడా తనే పోస్తుందట. మొక్క బడి గేటు బయట ఉంది కాబట్టి వేసవి సెలవుల్లోనూ పోయొచ్చు. వాళ్లమ్మతో మాట్లాడాలి.