తప్పు రంగుది కాదు
చిలకలూరిపేట దగ్గర మిరప కల్లంలో మా యానాది పిల్లల్ని ఫొటో తీశాను. వెనక ఎండ. ముఖాలు చీకటిగా పడ్డాయి. “మేం నల్లగా ఉంటాం కద సార్” అన్నాడొకడు. ఆ మాట గుచ్చుకుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన వెలుగును అద్దం పైకి మళ్లించి మన కంటికి చూపుతుంది. బటన్ నొక్కితే అద్దం లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది. ఎంత వెలుగు పడాలో కెమెరా సగటు చూసి లెక్కేస్తుంది. వెనక ఎండ ఎక్కువైతే ముఖానికి తక్కువ మిగులుతుంది.

ఎక్స్‌పోజర్ పెంచి మళ్లీ తీశాను. కళ్లు మెరిశాయి. తప్పు రంగుది కాదు, లెక్కది.

1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో మన గురించి రాసింది బయటివాళ్లే. జ్ఞాపకానికైతే ఫోన్ చాలు. బరువు మోసి, వెలుగు లెక్క నేర్చుకునే ఓపికున్నవాళ్లకే ఈ కెమెరా. ఆ ఓపిక మన పిల్లలకుంది.